పోయే బస్సు, పోయే రోడ్డు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది నర్సంపేట, హనుమకొండలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూకి లేటుగా పోతే ఎందుకు లేటయిందని అడిగారు. "ద బస్ లీడింగ్ టు హనుమకొండ వాజ్ లేట్" అన్నాను. ఎదురుగా కూర్చున్న సార్ నవ్వి "బస్సు లీడ్ చేయదమ్మా" అన్నారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. మా పుస్తకంలో "ద రోడ్ లీడింగ్ టు ద ఫోర్ట్" అని ఉంది కదా. రోడ్డుకు ఒప్పయింది బస్సుకు తప్పెట్లా అయింది? అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో నోరు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నర్సంపేట

జవాబు: ఆయన నవ్వకుండా చెప్పాల్సింది అమ్మా. నువ్వు వాక్యం కట్టిన తీరులో తప్పేమీ లేదు. ముందు బస్సు, తర్వాత ఇంగ్ చేరిన క్రియ, ఆ తర్వాత టు, చివర ఊరి పేరు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. చాలామంది "ద బస్ గోస్ టు హనుమకొండ వాజ్ లేట్" అని రెండు క్రియలను ఒకే వాక్యంలో ఇరికిస్తారు, ఆ తప్పు నువ్వు చేయలేదు. తప్పిందల్లా లీడ్ అనే ఒక్క మాట దగ్గరే.

అది ఎందుకు తప్పిందంటే, మన తెలుగులో రెంటికీ ఒకే మాట సరిపోతుంది. హనుమకొండకు పోయే బస్సు అంటాం, హనుమకొండకు పోయే రోడ్డు అని కూడా అంటాం. బస్సు నిజంగా కదిలి పోతుంది, రోడ్డు ఉన్నచోటే ఉంటుంది, మనల్ని అక్కడికి చేరుస్తుంది, అయినా మనకు రెండూ పోయేవే. ఇంగ్లిష్‌లో ఒక చోటికి పోయే అనే ఈ అర్థంలో లీడ్ అనే క్రియ కదలకుండా దారి చూపే వాటిది. రోడ్డు, మెట్లు, తలుపు, వసారా, సందు, ఇవన్నీ లీడ్ చేస్తాయి. బస్సు, రైలు, ఆటో, మనిషి అయితే గోయింగ్. గమ్మత్తు ఏమిటంటే రోడ్డును గోయింగ్ అన్నా ఒప్పే, "ద రోడ్ గోయింగ్ టు ములుగు" అనవచ్చు, బస్సును లీడింగ్ అంటే మాత్రం కుదరదు. కాబట్టి అనుమానం వస్తే గోయింగ్ అనెయ్, రోడ్డుకైనా బస్సుకైనా చిక్కుండదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, దీన్ని చాలా పుస్తకాలు దాటేసి పోతాయి. ఇంగ్ కనపడగానే "జరుగుతూ ఉంది" అని అనుకుంటాం. "ద రోడ్ లీడింగ్ టు ద ఫోర్ట్" లో రోడ్డు ఇప్పుడేదో పని చేస్తూ లేదు, అది ఎప్పుడూ కోటకే పోతుంది. అందుకే దీన్ని విడదీసి చెప్పాల్సి వస్తే "విచ్ లీడ్స్ టు ద ఫోర్ట్" అనాలి, "విచ్ ఈజ్ లీడింగ్" అనకూడదు. అదే బస్సు మన కళ్ల ముందు పోతూ ఉంటే "విచ్ ఈజ్ గోయింగ్", రోజూ పోయే సర్వీసు అయితే "విచ్ గోస్". ఈ మూడింటికీ కుదించిన రూపం ఒక్కటే, ఇంగ్ చేరిన ఆ మాటే. తెలుగులో మనం పోతున్న, పోయే అని రెండు రకాలుగా చెప్పేది ఇంగ్లిష్‌లో ఒకే రూపంలో ఇమిడిపోతుంది. కాదనాలంటే ముందు నాట్ పెట్టు, "బసెస్ నాట్ గోయింగ్ టు హనుమకొండ" అంటే హనుమకొండకు పోని బస్సులు.

నీకు ఈ మాటలు తెలియనివేమీ కావు. ఏ ప్లాటు ప్రకటన చూసినా ఈస్ట్ ఫేసింగ్ అని ఉంటుంది కదా, ఆ ఫేసింగ్ కూడా ఇదే జాతి. "ఎ హౌస్ ఫేసింగ్ ఈస్ట్" అంటే తూర్పు ముఖంగా ఉన్న ఇల్లు, ఇల్లు కదలదు, దిక్కు మాత్రం చెబుతుంది. ఇదే మాటను ఇంటి ముందుకు తెస్తే ఈస్ట్ ఫేసింగ్ హౌస్ అవుతుంది, రాసేటప్పుడు రెండు మాటల మధ్య చిన్న గీత పెడతారు. ఒంటరి మాట అయితే నామవాచకానికి ముందు, వెనక ఏదైనా తోక ఉంటే తర్వాత, ఇది గుర్తుంచుకో. కదులుతున్న బస్సు అంటే "ఎ మూవింగ్ బస్". ములుగు వైపు కదులుతున్న బస్సు అంటే "ఎ బస్ మూవింగ్ టువర్డ్స్ ములుగు". తెలుగులో ఎంత పొడుగు మాటైనా నామవాచకానికి ముందే వచ్చి కూర్చుంటుంది, అందుకే ఇంగ్లిష్‌లో వెనక పెట్టాలంటే నాలుక తిరగదు. అది నీ ఒక్కదాని ఇబ్బంది కాదు, తెలుగులో ఆలోచించే మనందరిదీ.

ఇంటర్వ్యూలో మీ ప్రాంతం గురించి చెప్పమంటారు, దానికి ఇప్పుడే తయారుగా ఉండు. రామప్ప గురించి చెప్పావనుకో: "ద టెంపుల్ ఎట్ పాలంపేట, బిల్ట్ ఇన్ 1213 అండ్ ఫేసింగ్ ఈస్ట్, బికేమ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్ ఇన్ 2021." కట్టినది కాబట్టి బిల్ట్, చూస్తున్నది కాబట్టి ఫేసింగ్, ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కనే ఒదిగాయి చూడు. హైదరాబాద్ నుంచి వచ్చే రోడ్డు గురించి అయితే "ద హైవే రన్నింగ్ ఫ్రమ్ హైదరాబాద్ త్రూ వరంగల్ అండ్ ములుగు". రోడ్డు, కాలువ, రైలు పట్టాలు, గోడ, ఇట్లా పొడుగ్గా సాగే వాటికి రన్నింగ్ అనే మాట బాగా కుదురుతుంది. రోజూ నువ్వు చూసే దారుల మీద ఇట్లా పది వాక్యాలు గట్టిగా చదువుకో, బస్సులో కూర్చున్నప్పుడు కిటికీలోంచి కనిపించిన ప్రతిదాని మీదా ఒకటి కట్టు. అప్పుడు ఎవరు నవ్వినా నీకు భయం ఉండదు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను మేడమ్. తప్పు గుర్తించమనే బిట్లలో "ద ట్రైన్ అరైవ్డ్ యెస్టర్డే వాజ్ ఫుల్" అని ఇచ్చి అది తప్పన్నారు. "ద పార్సిల్ సెంట్ యెస్టర్డే" ఒప్పట. నిన్న వచ్చిన రైలు, నిన్న పంపిన పార్సిల్, రెండూ ఒకటే కదా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తెలుగులో ఒకటే తమ్ముడూ, చిక్కంతా అక్కడే. పంపిన అనే మాటను చూడు. పంపిన పార్సిల్ అంటాం, పార్సిల్ పంపిన మనిషి అని కూడా అంటాం. మొదటిదాన్ని ఎవరో పంపారు, రెండోవాడు తానే పంపాడు. మన పంపిన రెండు వైపులా పనిచేస్తుంది. ఇంగ్లిష్‌లో సెంట్ నామవాచకం తర్వాత దాన్ని వర్ణిస్తూ వస్తే ఒకవైపే చూస్తుంది, ఆ పని దాని మీద జరిగిందని అర్థం. అందుకే "ద పార్సిల్ సెంట్ యెస్టర్డే" బాగుంది. "ద మ్యాన్ సెంట్ టు వరంగల్" అంటే వరంగల్‌కు ఎవరో పంపిన మనిషి అవుతాడు తప్ప పంపినవాడు కాడు. పంపినవాడు కావాలంటే "ద మ్యాన్ హూ సెంట్" అని హూ పెట్టాల్సిందే.

ఇక రైలు. రైలు తానే వచ్చింది, పార్సిల్‌ను పంపినట్టు దాని మీద ఎవరూ ఏ పనీ చేయలేదు. కాబట్టి అరైవ్డ్ ఒంటరిగా అక్కడ నిలబడదు. పోనీ అరైవింగ్ అందామా అంటే అదీ కుదరదు, వచ్చేయడం నిన్ననే అయిపోయింది, ఇంగ్ రూపం అయిపోయిన ఒక్కసారి పనిని చెప్పదు. మిగిలింది ఒకటే దారి: "ద ట్రైన్ దట్ అరైవ్డ్ యెస్టర్డే". వచ్చిన, పోయిన, దిగిన, ఎక్కిన అని తెలుగులో తోచినప్పుడల్లా ఇంగ్లిష్‌లో దట్, హూ, విచ్ లలో ఒకటి చేతిలో పెట్టుకో.

అయితే "ద బస్ గోయింగ్ టు ములుగు బ్రోక్ డౌన్ యెస్టర్డే" మాత్రం నిక్షేపంగా ఒప్పు. నిన్నటి సంగతే అయినా, చెడిపోయే వేళకు బస్సు ఇంకా పోతూనే ఉంది. తెలుగులో కూడా ములుగు పోయే బస్సు నిన్న చెడిపోయింది అంటాం కదా, పోయిన అనం. ఇక్కడ రెండు భాషలూ ఒకే దారిన నడిచాయి. ఫాలెన్, రిటైర్డ్ లాంటి కొన్ని మాటలు వేరు, అవి పని అయ్యాక మిగిలిన స్థితిని చెబుతాయి. "ఎ ట్రీ ఫాలెన్ అక్రాస్ ద రోడ్" అంటే రోడ్డుకు అడ్డంగా పడి ఉన్న చెట్టు, అది ఒప్పే.

ప్రశ్న: "ఐ మెట్ ఎ ఫ్రెండ్ గోయింగ్ టు మేడారం" అని మా పాప రాసింది. జాతరకు పోతున్నది పాపా, స్నేహితురాలా? టీచర్ ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.
– ఒక తల్లి, ములుగు

జవాబు: టీచర్ అడిగింది న్యాయమే. మామూలుగా చదివితే స్నేహితురాలే పోతున్నట్టు, ఎందుకంటే ఇంగ్ మాట తన పక్కనున్న నామవాచకాన్నే పట్టుకుంటుంది. కానీ పాప మనసులో ఉన్నది వేరు కావచ్చు. తెలుగులో ఈ తికమక రానే రాదు: మేడారం పోతున్న స్నేహితురాలు కలిసింది అంటే ఒకటి, మేడారం పోతుంటే స్నేహితురాలు కలిసింది అంటే ఇంకొకటి. రెండో అర్థమే కావాలంటే "ఆన్ మై వే టు మేడారం, ఐ మెట్ ఎ ఫ్రెండ్" అని రాయమనండి. పాపను మాత్రం కోప్పడకండి అక్కా, వాక్యం బాగానే కట్టింది.

ప్రశ్న: "మై జర్నీ గోయింగ్ టు హైదరాబాద్" అనవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వద్దు. జర్నీలోనే పోవడం ఉంది, మళ్లీ గోయింగ్ ఎందుకు? "మై జర్నీ టు హైదరాబాద్" చాలు. ట్రిప్, విజిట్, ఎంట్రన్స్ కూడా ఇంతే, "ఎ విజిట్ టు రామప్ప" అంటారు. విజిట్‌ను క్రియగా వాడితే టు కూడా పోతుంది, "వి విజిటెడ్ రామప్ప". మనమూ హైదరాబాద్ ప్రయాణం అంటాం గానీ హైదరాబాద్ పోయే ప్రయాణం అనం కదా.