ఆంక్షలు సడలితే ముందు మారేది బేరం

ప్రశ్న: ఇరాన్‌తో అణు ఒప్పందం కుదిరి ఆంక్షలు సడలిస్తే చుట్టుపక్కల దేశాల దౌత్యం ఎలా మారుతుంది? మన దేశానికి మేలేనా?

ఒప్పందం అనగానే పెట్రోలు చౌక, ఇరాన్‌లోని చాబహార్ రేవు సిద్ధం, సౌదీ-ఇరాన్ రాజీ అని మూడు ముక్కలు చెప్పేసేవాళ్ళు చాలామంది. ఇరాన్ అణు కార్యక్రమం తగ్గించుకుంటే ఆంక్షలు సడలిస్తామని అమెరికా, మరికొన్ని దేశాలు చేసుకున్న 2015 ఒప్పందం తర్వాత జరిగింది దాదాపు దీనికి తిరగబడిన కథ. ఆంక్షలు సడలగానే ముందు మారేది స్నేహం కాదు, బేరం. ఇరాన్ డబ్బు ఎవరి బ్యాంకులో ఇరుక్కుని ఉందో అప్పటిదాకా వాళ్ళ మాట చెల్లుతుంది. తలుపు తెరుచుకున్నాక చెల్లదు. మనం ఆ మాట చెల్లినవాళ్ళలో ఉన్నాం. అందుకే "మేలేనా" అంటే నా జవాబు సగం అవును, సగం కాదు.

2016 జనవరి నెల ఒక్కటి చూస్తే చాలు. ఒప్పందం 2015 జూలై 14న వియన్నాలో కుదిరింది గానీ అమలు మొదలైంది 2016 జనవరి 16న. ముందు ఇరాన్ తన వంతు పని చేసి చూపించాలి కాబట్టి ఆ ఆరు నెలలు పట్టింది. గిర్రున తిరిగే అణు యంత్రాలు, అంటే సెంట్రిఫ్యూజులు, సుమారు 19,000 ఉంటే 6,104 మాత్రమే ఉంచుకోవాలి, వాటిలో యురేనియం శుద్ధి చేసేవి 5,060. శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు మించకూడదు. అరాక్ రియాక్టర్ నడిబొడ్డున కాంక్రీటు పోయాలి. డిసెంబర్ 28న దాదాపు 11 టన్నుల యురేనియాన్ని ఓడెక్కించి రష్యా పంపేశారు. ఇదంతా ఇరాన్ వేళకే చేసింది.

సరిగ్గా ఆ ముహూర్తానికి ముందు చుట్టుపక్కల మంట అంటుకుంది. జనవరి 2న సౌదీ 47 మందికి మరణశిక్ష అమలు చేసింది, వాళ్ళలో షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్ ఒకరు. ఆ రాత్రే టెహ్రాన్‌లోని సౌదీ ఎంబసీకి నిప్పు పెట్టారు. మర్నాడు సౌదీ సంబంధాలు తెంచేసుకుంది. బహ్రెయిన్, సూడాన్ దాని వెనకే నడిచాయి, ఎమిరేట్స్ దౌత్య స్థాయి తగ్గించింది, కువైట్ రాయబారిని వెనక్కి పిలిచింది. ఒమన్ మాత్రం కదల్లేదు. అమెరికా-ఇరాన్ రహస్య చర్చలు ఒమన్ సుల్తాన్ ఖాబూస్ నీడలో మస్కట్‌లోనే మొదలయ్యాయి మరి, సొంత పందిరిని ఎవరు కూల్చుకుంటారు? 12న ఫార్సీ దీవి దగ్గర రెండు పడవల్లో పది మంది అమెరికా నావికులు ఇరాన్‌కు చిక్కారు. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కెర్రీ, ఇరాన్ విదేశాంగ మంత్రి జరీఫ్ వరసగా ఫోన్లు మాట్లాడుకుని మర్నాటికే విడిపించారు. ఏడాదుల తరబడి చర్చల బల్ల మీద కూర్చున్న పరిచయం పనికొచ్చింది ఇక్కడే. ఒప్పందం తెచ్చిన అసలైన దౌత్య మార్పు ఇదే అంటాను: ఎవరి నంబరు ఎవరి దగ్గర ఉందన్నది.

16న ఆంక్షలు సడలాయి. 17న ఒక ఇరాన్ విమానం జెనీవాలో చెక్క పలకల మీద పేర్చిన నోట్ల కట్టలు ఎక్కించుకుంది. 40 కోట్ల డాలర్ల విలువ, కానీ ఒక్క డాలరు నోటు లేదు. యూరోలు, స్విస్ ఫ్రాంకులు, ఇతర కరెన్సీలు. ఇరాన్ రాజు షా కాలంలో అమెరికా ఆయుధాలకు కట్టి, 1979 విప్లవంతో ఆగిపోయిన డబ్బు అది. వడ్డీతో కలిపి 170 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అమెరికా-ఇరాన్ ఖైదీల మార్పిడీ అదే రోజు. "డబ్బు ముట్టజెప్పి విడిపించుకున్నారు" అని అమెరికాలో గోల. ఆ గోల పక్కన పెట్టి ఒక్క సంగతి చూడండి: ఆంక్షలు ఎత్తేసిన మర్నాడు కూడా, ఎత్తేసిన దేశమే డబ్బును బ్యాంకు ద్వారా పంపలేనంది!

కారణం సూటిగా చెప్తాను, ఎందుకంటే ఒప్పందాల మీద రాసే వ్యాసాలు సాధారణంగా తప్పేది ఇక్కడే. అమెరికా ఆంక్షలు రెండు పొరలు. అమెరికా వాళ్ళు ఇరాన్‌తో వ్యాపారం చేయకూడదన్నది మొదటి పొర. చేసిన ఇతర దేశాల వాళ్ళను శిక్షిస్తామన్నది రెండో పొర. 2016లో సడలింది అణు కార్యక్రమం పేరున పెట్టిన రెండో పొర, అదీ కొంత మేరకు. మొదటి పొర అలాగే ఉంది. డాలరు చెల్లింపు ఏ దేశాల మధ్య జరిగినా న్యూయార్క్ బ్యాంకు మీదుగా పోవాలి, ఇరాన్‌కు ఆ దారి 2008 నవంబర్‌లోనే మూసేశారు, మళ్ళీ తెరవలేదు. పైగా 2014లో ఆంక్షలు మీరినందుకు ఫ్రెంచ్ బ్యాంకు బీఎన్‌పీ పారిబాకు పడిన 890 కోట్ల డాలర్ల జరిమానా ఏ యూరప్ బ్యాంకు మర్చిపోతుంది? బ్యాంకుల మధ్య సందేశాల వ్యవస్థ స్విఫ్ట్ ఇరాన్‌ను తిరిగి కలిపినా పెద్ద బ్యాంకులు ఇరాన్ కాగితం ముట్టుకోలేదు. విమానాలదీ అంతే. అప్పటి ఇరాన్ అధ్యక్షుడు రౌహానీ పారిస్ వెళ్ళి 118 ఎయిర్‌బస్‌లకు మాట ఖాయం చేసుకున్నాడు. కానీ విమానంలో అమెరికా భాగాల విలువ పది శాతం మించితే వాషింగ్టన్ లైసెన్సు కావాలి. లైసెన్సు వచ్చి, అప్పు ఇచ్చే బ్యాంకు దొరక్క, చివరికి ఇరాన్ ఎయిర్‌కు చేరిన ఎయిర్‌బస్‌లు మూడు.

ఇక మన సంగతి. 2012 నుంచి ఇరాన్ చమురు బిల్లులో 45 శాతం రూపాయల్లో కోల్‌కతా యూకో బ్యాంకులో ఇరాన్ ఖాతాకు జమ చేసేవాళ్ళం. మిగతా 55 శాతం టర్కీ హల్క్ బ్యాంకు ద్వారా యూరోల్లో పోయేది. 2013 ఫిబ్రవరి నుంచి అమెరికా చట్టం ఇంకో ముడి వేసింది. చమురు డబ్బు కొన్న దేశంలోని ఖాతాలోనే ఉండాలి, ఆ దేశం సరుకు కొనడానికే వాడాలి. దాంతో యూరో దారి మూతపడి ఆ 55 శాతం మన రిఫైనరీల దగ్గరే పేరుకుంది, 2016 నాటికి సుమారు 640 కోట్ల డాలర్లు. రూపాయల ఖాతా పని మాత్రం ముచ్చటగా సాగేది. మన ఎగుమతిదారు బాస్మతి, టీ, మందులు ఓడెక్కిస్తాడు. అక్కడి దిగుమతిదారు తన బ్యాంకులో రియాల్ కడతాడు. ఆ బ్యాంకు యూకోకు కబురు పంపుతుంది, యూకో ఆ ఖాతాలోంచి మనవాడికి రూపాయలిస్తుంది. డాలరు ఊసే లేదు. దీని బలహీనత ఒక్కటే, ఖాతాలోకి నీళ్ళు చమురు కొనుగోలు నుంచే రావాలి. 2019 మేలో మనం కొనడం ఆపేశాక చెరువు ఎండుతూ వచ్చింది, బాస్మతి వ్యాపారుల చెల్లింపులు చిక్కుల్లో పడ్డాయి.

ఆ ఇరుకు కాలంలో ఇరాన్ మనకు అరువు ఇచ్చేది, ఓడ కిరాయిలోనూ రాయితీ ఇచ్చేది. తలుపు తెరుచుకోగానే ఆ రాయితీలు తగ్గాయి, రూపాయలు వద్దు యూరోలు కావాలంది. బకాయి మొదటి విడత 2016 మేలో, మోదీ టెహ్రాన్ ప్రయాణానికి కాస్త ముందు, మన రిఫైనరీలు కట్టాయి. మర్యాద కొద్దీ కాదు, అది కట్టకుండా చాబహార్ మాట ఎత్తితే బాగుండదు. ఫర్జాద్-బి గ్యాస్ క్షేత్రం ఇంకా చేదు. కనిపెట్టింది మన ఓఎన్‌జీసీ విదేశ్. ఆంక్షలున్నంత కాలం అటు చూసే విదేశీ కంపెనీ లేదు కాబట్టి మనదేననుకున్నాం. సడలాక ఇరాన్ ధర దగ్గర బిగించింది, 2017లో మనం కోపంతో చమురు కొనుగోళ్ళు కోసుకున్నాం, చివరికి 2021లో అది ఇరాన్ కంపెనీ పెట్రోపార్స్‌కు పోయింది. దొంగచాటు కాలంలో ఏర్పడిన చనువు దొరతనం వచ్చాక నిలవదు.

చాబహార్ గురించి పేపర్లలో ఎప్పుడూ మ్యాపులే వేస్తారు, పాకిస్తాన్‌ను తప్పించుకుని అఫ్గానిస్తాన్‌కు ఒక బాణం గుర్తు. రేవును ఆపింది మ్యాపు కాదు, క్రేను. 2018 మేలో ట్రంప్ ఒప్పందం నుంచి తప్పుకున్నాడు. ఆ నవంబర్‌లో చాబహార్‌కు ప్రత్యేక మినహాయింపు ఇచ్చాడు. మినహాయింపు ఉన్నా యంత్రాలు అమ్మేవాళ్ళకూ వాళ్ళ బ్యాంకులకూ ధైర్యం చాల్లేదు. 140 టన్నుల మొబైల్ క్రేన్లు మొదటి రెండూ ఇటలీ నుంచి చేరేసరికి 2021 జనవరి అయింది. 2016లో మనతో, ఇరాన్‌తో కలిసి త్రైపాక్షిక ఒప్పందం మీద సంతకం చేసిన అఫ్గాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ప్రభుత్వం ఆ ఆగస్టుకే లేదు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా ఆ మినహాయింపునూ వెనక్కి తీసుకుంది.

మరి సౌదీ? ఒప్పందం వేళ తెగతెంపులు, ఆంక్షలు మళ్ళీ బిగిసిన కాలంలో రాజీ. 2019 సెప్టెంబర్‌లో సౌదీలోని అబ్ఖైక్ చమురు కేంద్రం మీద దాడి జరిగి, రోజుకు 57 లక్షల బ్యారెళ్ళ ఉత్పత్తి ఆగినా అమెరికా నేరుగా చేయి చేసుకోలేదు. అప్పుడు రియాద్‌కు తెలిసొచ్చింది, పొరుగువాడితో మనమే మాట్లాడుకోవాలని. 2021లో బాగ్దాద్‌లో మాటలు, 2023 మార్చి 10న బీజింగ్‌లో సంతకాలు. అంటే సడలింపు పొరుగువాళ్ళను భయపెడుతుంది, భయమే తర్వాత కలుపుతుంది. సడలింపు నేరుగా పనిచేసిన చోటు ఒక్కటుంది, చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్. రెండు దేశాలకు ఎంబసీలే లేని 2016 నవంబర్ 30న, వియన్నాలో మిగతావాళ్ళు ఉత్పత్తి కోసుకుంటుంటే ఇరాన్‌కు రోజుకు 37.97 లక్షల బ్యారెళ్ళ దాకా పెంచుకునే వీలిచ్చి సౌదీ ఒప్పుకుంది. అంతకు ఏడు నెలల ముందు దోహాలో ఇదే విషయం మీద మొండికేసిన దేశం అది.

గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళకు, జగిత్యాల అయినా కడప అయినా, ఈ లెక్కల కంటే ఆకాశ మార్గం ముఖ్యం. 2017 జూన్‌లో సౌదీ కూటమి ఖతార్‌ను దిగ్బంధించినప్పుడు దోహా విమానాలు తిరిగింది ఇరాన్ గగనతలం మీదుగానే. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్ మీద ఇరాన్ క్షిపణులు పడ్డప్పుడు ఖతార్ ఆకాశమే మూతపడింది.

కాబట్టి మళ్ళీ ఏదైనా ఒప్పందం వార్త వస్తే కరచాలనం ఫోటో తర్వాత చూడండి. సడలింది ఏ పొర, ట్యాంకరుకు బీమా ఎవరిస్తున్నారు, మన రిఫైనరీ డబ్బు ఏ బ్యాంకు గుండా ఏ కరెన్సీలో పోతోంది. ఆ మూడింటికీ పేర్లు పెట్టలేని వార్త అయితే, చమురు ఇంకా ఓడెక్కలేదని అర్థం.