90 రోజుల గడువు, లేని అనుభవం: ఒక సందేహానికి జవాబు

కావలి దగ్గరి పల్లె నుంచి వచ్చి డల్లాస్‌లో ఎమ్మెస్ ముగించబోతున్న ఒక అబ్బాయి ఈమధ్య నన్నిలా అడిగాడు: "అన్నా, ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేసేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి) మొదలయ్యాక 90 రోజుల్లో ఉద్యోగం రాకపోతే వెనక్కి వెళ్లాల్సిందేనా? ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలో ఆరేళ్ల అనుభవం పెట్టి ఇంటర్వ్యూలకు పంపుతామంటున్నారు. ఒప్పుకోమంటారా?" నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే పిల్లల్లో చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

ఒప్పుకోవద్దు. రొయ్యల గుంటల్లో నష్టం వచ్చిన ఏడాదే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి మీ నాన్న అప్పు తెచ్చారని, వాయిదా తేదీ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టదని నాకు తెలుసు. ఆ భయంలో ఉన్నవారికి అబద్ధమే దగ్గరి దారిలా కనిపిస్తుంది. అందుకే ముందు గడువు లెక్క సరిగా తెలుసుకోవాలి. ఓపీటీ 12 నెలలు; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సు చదివినవారికి, ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదైన సంస్థలో ఉద్యోగం ఉంటే మరో 24 నెలలు పొడిగిస్తారు. మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. పొడిగింపు వచ్చాక ముందువాటితో కలిపి 150 వరకు ఉండవచ్చు. లెక్క మీ ఓపీటీ అనుమతి కార్డు మీది ప్రారంభ తేదీ నుంచి సాగుతుంది, సెలవు రోజులూ అందులోకే వస్తాయి. కోర్సు ముగిసిన తరువాతి 60 రోజుల్లో ఆ తేదీని మీరే కోరుకోవచ్చు కనుక, చేతిలో ఉద్యోగం లేనివారు దాన్ని తొందరపడి ముందుకు పెట్టుకోకూడదు. మొదటి 12 నెలల్లో మీ చదువుకు సంబంధించిన పని, జీతం లేకపోయినా, వారానికి కనీసం 20 గంటలు చేస్తే అది ఉద్యోగంగానే లెక్కకు వస్తుంది. ప్రొఫెసర్ ల్యాబ్‌లో అలాంటి అవకాశం ఉందేమో ముందే అడిగి పెట్టుకోండి. స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు.

లేని అనుభవం ఎలా బయటపడుతుందో ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చుని చాలాసార్లు చూశాను. "మీ సర్వీసు రాత్రిపూట ఆగిపోతే మొదట ఎవరికి తెలిసేది, ఏ లాగ్ (సర్వీసులో జరిగినవన్నీ నమోదయ్యే ఫైలు) తెరిచి చూసేవారు?" అని అడిగితే, ఆ పని చేసినవాడు చిన్న చిన్న చిక్కులు గుర్తుచేసుకుంటూ చెబుతాడు, బట్టీ పట్టినవాడు టూల్స్ పేర్లే మళ్లీ మళ్లీ వల్లిస్తాడు. ఒకవేళ ఇంటర్వ్యూ దాటినా బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ ఉంటుంది. అదీ దాటి ఆ దొంగ అనుభవ పత్రాలు వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తుల్లోకి చేరితే, తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలినవారికి ఈ దేశంలో ప్రవేశమే శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

అనుభవం లేనివారు చూపించాల్సింది సొంతంగా చేసిన పని. టంగుటూరు అమ్మాయి ఒకరు, వాళ్ల నాన్నగారు వేలం కేంద్రంలో అమ్మిన పొగాకు బేళ్ల ధరలూ ఖర్చులూ రాసిపెట్టుకునే చిన్న యాప్ తయారుచేసింది. ఇంటర్వ్యూలో చాలాసేపు దాని మీదే అడిగారు. అక్కడ సిగ్నల్ పోతే వివరాలు ఫోన్‌లోనే దాచి తరువాత పంపడం, ఒకే బేలు రెండుసార్లు నమోదు కాకుండా చూడడం ఆమె తడుముకోకుండా వివరించగలిగింది, ఎందుకంటే ఆ తిప్పలన్నీ ఆమె పడినవే.

కోడింగ్ రౌండులో మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది మౌనం వల్ల. ఒక జాబితాలో ఏ రెండు సంఖ్యల మొత్తం ఫలానా విలువ అవుతుందో కనుక్కోమన్నారనుకోండి. వెంటనే టైపు చేయడం మొదలుపెట్టకుండా, జాబితా వరుసలో ఉందా, రుణ సంఖ్యలు ఉండవచ్చా, జవాబు లేకపోతే ఏమివ్వాలి అని అడగండి. ప్రతి జతనూ పరీక్షించే పద్ధతి ముందు చెప్పి, సంఖ్యలు పెరిగితే అది ఎందుకు నెమ్మదిస్తుందో వివరించి, చూసిన సంఖ్యలను హ్యాష్ మ్యాప్‌లో (వెతికిన విలువ వెంటనే దొరికేలా దాచే పట్టిక) ఉంచుతూ ఒకే చుట్టులో ముగించే పద్ధతికి రండి. జాబితా వరుసలోనే ఉంటే రెండు చివరల నుంచి లోపలికి రావచ్చు, అదనపు మెమరీ అక్కర్లేదు. ఇదంతా పైకి మాట్లాడుతూ చేయాలి. మీ ఇంగ్లీషు యాస గురించి దిగులు వద్దు. ఎదుటివారు చూసేది మీ ఆలోచన తీరును.

ఉద్యోగం దొరికాక ఒక్క పని మరచిపోవద్దు: సంస్థ వివరాలను 10 రోజుల్లోగా ఓపీటీ విద్యార్థుల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో గానీ, యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో గానీ నమోదు చేయించండి. నమోదు కాకపోతే మీరు పనిచేస్తున్నా రికార్డులో ఖాళీ రోజులు పెరుగుతూనే ఉంటాయి.