మోనే తోట స్ఫూర్తితో పొరలు పొరలుగా అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ వేయడం ఎలా?

ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే వేసిన కలువల చిత్రాల్లాంటి భావం రావాలి, కానీ పువ్వులు పువ్వుల్లా కనిపించకూడదు, అదీ అక్రిలిక్ రంగులతో అని అడిగారు. అయితే పువ్వుల్ని పక్కన పెట్టి నీటిని చూడండి. క్లోద్ మోనే 1883లో ఫ్రాన్స్‌లోని జివెర్నీకి చేరాడు. పదేళ్ల తర్వాత పక్క స్థలం కొని కొలను ఏర్పాటు చేసుకున్నాడు. ఆయన చివరి చిత్రాల్లో చాలావాటికి ఒడ్డే ఉండదు, ఆకాశం నీటిలో ప్రతిబింబంగా మాత్రమే కనిపిస్తుంది. అబ్‌స్ట్రాక్ట్‌కి దారి అక్కడే దొరుకుతుంది.

ముందు నీలం, లేత ఊదా రంగుల్ని నీళ్లతో పలచగా కలిపి కాన్వాస్ అంతా పరచండి. పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడితే రంగులన్నీ కలిసి బురదలా అవుతాయి, ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. తర్వాత చిక్కటి రంగును గరుకుగా పూయండి. అది ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో వేరే రంగును పైపైన రాయండి. గరుకు శిఖరాలకే రంగు అంటుకుని, సందుల్లోంచి కింది పొర మెరుస్తుంది. మోనే కూడా ఇలా ఎండిన పొరల మీద పొరలు వేసేవాడు.

నీడలకు నలుపు వద్దు, ముదురు నీలంలో కాస్త ఎరుపు కలపండి. గులాబీ, పసుపు మచ్చలు చివర్లో, కొన్నే.