ప్రైవేట్ స్కూళ్ళలో నల్లజాతి పిల్లలు పెరగాలంటే స్కాలర్‌షిప్ ఒక్కటే చాలదు

మీరు అడిగింది ఇది: న్యూజెర్సీలో మీ అమ్మాయి చదివే ప్రైవేట్ స్కూల్లో, ఏడో తరగతి మొత్తానికి నల్లజాతి విద్యార్థి ఒక్కరే. ఈ పరిస్థితి మార్చాలని పేరెంట్స్ కమిటీ వేశారు, అందులో మీరూ ఉన్నారు. స్కాలర్‌షిప్‌లకి డబ్బు పోగుచేస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోదండి. నేను న్యూయార్క్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో పదకొండేళ్ళు లెక్కలు చెప్పాను, అందులో నాలుగేళ్ళు ఫైనాన్షియల్ ఎయిడ్ (ఫీజుకి స్కూలిచ్చే సాయం) కమిటీలో ఉన్నాను. డబ్బు కావాలి, కాదనను. న్యూయార్క్‌లో పేరున్న స్కూళ్ళ ఫీజు ఏడాదికి 60,000 డాలర్లు దాటింది. కానీ ఇవ్వడానికి డబ్బుండి కూడా పిల్లలు రాకపోవడం, వచ్చినవాళ్ళు మధ్యలో వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను.

2015 చలికాలంలో ఒకావిడ మనవడి దరఖాస్తు కోసం వచ్చారు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా వచ్చారు. జీతం స్లిప్పులు, కరెంటు బిల్లులు, కోర్టు ఇచ్చిన గార్డియన్ ఆర్డరు, అన్నీ ఒక కిరాణా సంచిలో ఉన్నాయి. ఎయిడ్ ఫామేమో తల్లిదండ్రులిద్దరి ట్యాక్స్ రిటర్నులూ అడుగుతోంది. తల్లి చనిపోయింది, తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఆ గడి నింపకపోతే స్క్రీన్ ముందుకు కదలదు. రెండు సాయంత్రాలు పక్కన కూర్చుని, ఆఫీసుకి ఫోన్లు చేసి, ఉత్తరం రాయించి ఎలాగో పూర్తి చేశాం. లేకపోతే అది 'అసంపూర్ణం' అన్న జాబితాలోకి పోయేది. ఆ జాబితా మా కమిటీ ముందుకే వచ్చేది కాదు. ఎంతమంది పిల్లలు అందులోనే ఆగిపోయారో అని అప్పటిదాకా ఒక్కసారి కూడా నేను అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెండో రోజు సాయంత్రం ఆవిడ ఒక మాట చెప్పారు. ఆవిడ పుట్టింది వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో. తెల్ల పిల్లలకీ నల్ల పిల్లలకీ విడివిడిగా ప్రభుత్వ బడులు ఉండకూడదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కదా. కలిపి చదివించడం ఇష్టంలేక ఆ కౌంటీ 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. 1964 దాకా తెరవలేదు. తెల్ల పిల్లల కోసం ఒక ప్రైవేట్ అకాడమీ పెట్టుకున్నారు. అప్పుడు ఈవిడకి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళు ఇంట్లోనే ఉండి, తర్వాత నార్త్ కరోలినాలో బంధువుల ఇంటికి వెళ్ళి చదువుకున్నారట. "ప్రైవేట్ స్కూలంటే నాకు ఆ బిల్డింగే గుర్తొస్తుంది. వీడిని ఇక్కడికి తీసుకురావడానికి నాకు ఏడాది పట్టింది" అన్నారు.

అమెరికా దక్షిణాది అంతటా అలాంటి స్కూళ్ళు వెలిశాయి. జాతి చూసి పిల్లల్ని చేర్చుకోకపోవడం ప్రైవేట్ స్కూళ్ళకి కూడా చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 1976లో. అంటే ఇప్పటి అమ్మమ్మలు, నానమ్మలు కళ్ళతో చూసిన సంగతి. "మేం తలుపులు తెరిచే ఉంచాం, వాళ్ళే రావడం లేదు" అని మీ కమిటీలో ఎవరైనా అంటే, దయచేసి ఈ సంగతి చెప్పండి.

ఆ అబ్బాయికి పూర్తి ఎయిడ్‌తో ఎనిమిదో తరగతిలో సీటు వచ్చింది. నా క్లాసే. తెలివైనవాడు, కానీ గ్రాఫుల హోంవర్క్ మాత్రం ఎప్పుడూ హడావిడిగా, పెన్సిల్‌తో గీసి పడేసినట్టు ఉండేది. నిర్లక్ష్యం అనుకుని రెండుసార్లు మార్కులు కోశాను. మూడు వారాల తర్వాత లంచ్ టైంలో చూశాను. కారిడార్‌లో మెట్ల మీద కూర్చుని, ఇంకో అబ్బాయి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ మోకాలి మీద పెట్టుకుని గబగబా లెక్కలు చేస్తున్నాడు. బెల్లు కొట్టేలోగా తిరిగి ఇచ్చెయ్యాలి. అది వంద డాలర్లు పైనే ఉంటుంది. కొనుక్కోవాల్సిన వస్తువుల జాబితాలో ఒక లైన్, అంతే. వాళ్ళ నానమ్మకి చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చలికాలంలో స్కీ ట్రిప్ రోజున కడుపునొప్పి అన్నాడు. ఎందుకో అప్పటికి నాకు తెలుసు.

తర్వాతి ఏడాది స్కూల్ ఒక నిధి పెట్టింది. బ్లేజర్, క్యాలిక్యులేటర్, ట్రిప్పులు, లంచ్ అన్నీ అందులోంచే. అడిగితే ఇవ్వడం కాదు, ఎయిడ్ ఉన్న ప్రతి పిల్లాడికీ అడగకుండానే. మీ కమిటీ ఏదైనా ఒక్క పని చేయగలిగితే ఇదే చేయమంటాను.

రెండో సంగతి ఒంటరితనం. అంతర్యుద్ధం పాఠం రోజు, బానిసత్వం అన్న మాట రాగానే క్లాసంతా తనవైపు తిరిగిందని వాడు నాతో అన్నాడు. పదమూడేళ్ళ పిల్లాడు. 2020 వేసవిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో హత్యకి గురైన తర్వాత, ప్రైవేట్ స్కూళ్ళలో చదివిన నల్లజాతి పిల్లలు 'బ్లాక్ ఎట్' (ఫలానా స్కూల్లో నల్లజాతివాళ్ళం) అంటూ స్కూల్ పేర్లతో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్లు తెరిచి తమ అనుభవాలు రాశారు. చదువుతుంటే వీడు చెప్పిన మాటలే మళ్ళీ మళ్ళీ కనిపించాయి. అందుకే ఏడాదికి ఒకరు చొప్పున కాకుండా ఒకే తరగతిలో నలుగురైదుగురిని కలిపి తీసుకోండి. నల్లజాతి టీచర్లని కూడా తీసుకోవాలి. మా స్కూల్లో అప్పుడు ఒక్కరే ఉండేవారు, ప్రతి నల్లజాతి పిల్లాడి బరువూ ఆయన మీదే పడేది.

పిల్లల్ని వెతకడం కష్టం అనుకోకండి, ఆ పని చేస్తున్నవాళ్ళు ఎప్పట్నించో ఉన్నారు. 'ఎ బెటర్ ఛాన్స్' అనే సంస్థ 1963 నుంచి పనిచేస్తోంది. మసాచుసెట్స్ గవర్నర్‌గా చేసిన డెవల్ ప్యాట్రిక్ షికాగోలో సౌత్ సైడ్ అనే నల్లజాతి పేట నుంచి మిల్టన్ అకాడమీ అనే ప్రైవేట్ స్కూల్‌కి వెళ్ళింది వీళ్ళ ద్వారానే. న్యూయార్క్‌లో 'ప్రెప్ ఫర్ ప్రెప్' అనే సంస్థని గ్యారీ సైమన్స్ అనే బ్రాంక్స్ టీచర్ 1978లో మొదలుపెట్టారు. సీటు రాకముందే పిల్లల్ని రెండు వేసవులు, మధ్యలో శనివారాలు కూర్చోబెట్టి సిద్ధం చేస్తారు. అదే ఊరి నుంచి వచ్చిన పిల్లలంతా ఒక జట్టుగా చేరతారు కాబట్టి తర్వాత కూడా ఒకరికొకరు ఉంటారు. మీకు దగ్గర్లో నెవార్క్‌లో 'సీడ్స్' (పాత పేరు 'న్యూజెర్సీ సీడ్స్') ఉంది, తక్కువ ఆదాయం ఉన్న పిల్లల కోసం ఇలాంటి పనే చేస్తుంది. ముందు వాళ్ళతో మాట్లాడండి. వోచర్ల (ప్రైవేట్ బడి ఫీజుకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) గురించి కూడా కమిటీలో ఎవరో ఒకరు ఎత్తుతారు. మిల్వాకీలో 1990లో మొదలైన ఆ పథకం వేరే కథ, న్యూజెర్సీలో రాష్ట్ర వోచర్లు లేవు కాబట్టి దాని మీద టైం పోగొట్టుకోకండి.

ఇంకొకటి, ఇది మనవాళ్ళ గురించి. తెలుగు పాట్‌లక్కుల్లో (తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో) "వాళ్ళకిస్తే మన పిల్లల సీట్లు పోతాయి" అన్న మాట చాలాసార్లు విన్నాను, మీరూ వినే ఉంటారు. మా స్కూల్లో సీట్లలో పెద్ద వాటా అప్పటికే చదువుతున్న పిల్లల తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ పోయేది. ఆ వాటా గురించి ఏ పాట్‌లక్కులోనూ ఎవరూ మాట్లాడలేదు. ప్రభుత్వమే ఫీజు కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకం కింద మన ఊళ్ళలో ప్రైవేట్ బడికి వెళ్ళిన దళిత పిల్లల గురించి కూడా ఇవే మాటలు విన్నాను. అప్పుడూ మనసు కష్టపడింది, ఇప్పుడూ అంతే.

మీటింగ్‌లో ముందుగా స్కూల్‌ని రెండు అంకెలు అడగండి: గత పదేళ్ళలో ఎంతమంది నల్లజాతి పిల్లలు చేరారు, వాళ్ళలో ఎంతమంది చివరిదాకా ఉన్నారు. మొదటిది వెంటనే చెప్తారు, రెండోది వచ్చేదాకా వదలకండి. ఎయిడ్ ఫాముల గడువు సాధారణంగా డిసెంబరు, జనవరిల్లో వస్తుంది కాబట్టి, కుటుంబాల పక్కన కూర్చుని ఫామ్ నింపించే నలుగురు మనుషుల్ని సెప్టెంబరుకల్లా కుదుర్చుకోండి. సాయంత్రాలు, శనివారాలు ఖాళీగా ఉండేవాళ్ళయితే మంచిది. రాత్రి డ్యూటీ చేసేవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి రాలేరు.