బొగ్గు గీత రాలిపోతుంటే

తమ్మీ, తెల్ల చార్ట్ పేపర్ మీద బొగ్గుతో గీసిన ఒక్క నల్ల గీతే నీ బొమ్మ, అదీ నాలుగు రోజులకు రాలి వెలిసిపోయిందన్నవ్. తప్పు చార్ట్ పేపర్‌ది. నున్నగుంటది, పొడిని పట్టుకోదు. 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) గరుకు కార్ట్రిడ్జ్ షీటు, అంటే బొమ్మలు గీసే మందం కాగితం తీస్కో. ముందు పుల్లబొగ్గుతో (పుల్లల్ని కాల్చి చేసిన మెత్తటి బొగ్గు) పైపైన గీసి చూడు, నచ్చకుంటే గుడ్డతో దులిపెయ్. కుదిరినంక కంప్రెస్డ్ చార్‌కోల్‌తో (బొగ్గు పొడిని గట్టిగ అదిమి చేసిన కడ్డీ) భుజం కదిలిస్తూ ఒక్క ఊపున లాగు. మణికట్టుతో గీస్తే గీత బిగుసుకపోతది. మొదట్ల ఒత్తి, చివర్ల తేలిగ్గ వదిలితే నలుపు పొగలెక్క చెదురుతది, గీతకు ప్రాణం అక్కడే. పెన్సిల్‌తో అది రాదు, ఒత్తినకొద్దీ మెరుస్తది.

నల్లగొండ ఎండలకు అరచేతి చెమట అంటితే అక్కడ బొగ్గు మరకై కూర్చుంటది, రబ్బరుకు పోదు. చెయ్యి కింద వేరే కాగితం పెట్టు. బొగ్గు పొడి రాలకుండ పట్టే ఫిక్సెటివ్ స్ప్రేను 30 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చగ రెండు సార్లు కొట్టు, నడుమ ఆరనియ్. దగ్గర్నుంచి కొడితే మచ్చలే. హెయిర్ స్ప్రే మాత్రం వద్దు, కాగితం పచ్చబడ్తది.