గోడ మీద ఏడాది, ఆ తర్వాత కూడా

ప్రశ్న: మేడమ్, మా ఆడబిడ్డ వాళ్లు కాజీపేటలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. కొత్త సంవత్సరానికి చేతి కాగితం మీద అచ్చేసిన అందమైన క్యాలెండర్ ఇద్దామనుకుంటున్నా. మా అత్తమ్మేమో "కిరాణా దుకాణంలో ఊరికే ఇస్తరు గదా, దానికి పైసలు పెట్టుడేంది" అంటోంది. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తప్పకుండా ఇవ్వండమ్మా. కాకపోతే అత్తమ్మ మాట కొట్టిపారేయకండి. ఆ దుకాణం క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉంటాయి, పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకోవడానికి గళ్లలో చోటు ఉంటుంది. ఇప్పుడొస్తున్న స్టైలిష్ క్యాలెండర్లలో చాలావాటికి సన్నటి అంకెలు, చుట్టూ ఖాళీ తప్ప ఏమీ ఉండవు. బోనాలు, బతుకమ్మ కూడా లేని క్యాలెండర్‌ను మన ఇళ్లకు కానుకగా ఇవ్వడం నాకైతే నచ్చదు.

కాగితం సంగతి. 'పర్యావరణహితం' అని అట్ట మీద రాస్తే సరిపోదు, ముట్టుకుని చూడండి. నిగనిగలాడుతూ, మీద సన్నటి ప్లాస్టిక్ పొర తగిలితే అది లామినేషన్, ఆ పొర కాగితం నుంచి ఊడిరాదు కాబట్టి రీసైక్లింగ్‌కు ఇబ్బందే, పైగా దాని మీద పెన్ను కూడా సరిగ్గా పడదు. నూలు గుడ్డ ముక్కల్ని గుజ్జు చేసి, జల్లెడ మీద తీసి ఆరబెట్టిన చేతి కాగితానికి చెట్టు కొట్టే పని లేదు, గట్టిగానూ ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త, అది తేమ పీలుస్తుంది. కొత్త ఇల్లు కదా, గోడల చెమ్మ పూర్తిగా ఆరాకే తగిలించమనండి, ఎండ నేరుగా పడే గోడ కూడా వద్దు, రంగులు వెలిసిపోతాయి.

నన్నడిగితే ఇంకో దారి ఉంది. చిన్న చేర్యాల బొమ్మ ఒకటి కొనండి, దాని కింద తగిలించడానికి పంచాంగం వివరాలున్న చిన్న తేదీల క్యాలెండర్ విడిగా తీసుకోండి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ 2016 దాకా మన వరంగల్ జిల్లాదే. ఖద్దరు బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజి కలిపి పూత పూసి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు నకాషీ కళాకారులు, ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పేవాళ్లకు ఒకప్పుడు పటాలు గీసిచ్చింది వీళ్లే. డిసెంబర్ రాగానే తేదీలు మారతాయి, బొమ్మ గోడ మీదే ఉంటుంది. అచ్చు బొమ్మ కాకుండా చేత్తో వేసిందే అడిగి తీసుకోండి, ధర ఎక్కువైనా ఆ డబ్బు వేసిన మనిషికి చేరాలి.

ప్రశ్న: పాత క్యాలెండర్ల మీద దేవుడి బొమ్మలు, పారేయడానికి మనసొప్పడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచి బొమ్మలు కత్తిరించి ఫ్రేము కట్టించండి, మిగతా కాగితం పిల్లల పుస్తకాలకు అట్టలేయండి, పైనున్న రేకు పట్టీ తీసి పాత ఇనుము వాళ్లకివ్వండి. 2021 క్యాలెండర్ ఉంటే మాత్రం దాచండి, 2027లో తేదీలు, వారాలు అచ్చం అలాగే వస్తాయి. పండుగలు మాత్రం దాంట్లో చూడకండి, 2021లో ఉగాది ఏప్రిల్ 13న వచ్చింది, 2027లో 7నే.