గుర్రపు రేసు రోజు పొద్దున, ట్రాక్ నేల ఎంత మెత్తగా లేదా గట్టిగా ఉందో చెప్తూ ఇచ్చే గ్రౌండ్ రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చు?

చిత్తూరు నుంచి బెంగళూరు రేసులకు వెళ్లేవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది. కొలిచిన ఆ వేళకు నమ్మొచ్చు, సాయంత్రం ఆఖరి రేసుకు మాత్రం కాదు.

నేల మెత్తదనం కొలవడానికి బెంగళూరులో వాడేది పెనెట్రోమీటర్ అనే పరికరం. 1 కిలో బరువును 1 మీటరు ఎత్తు నుంచి జారవిడిచి, సన్నటి కడ్డీ నేలలోకి ఎంత దిగిందో చూస్తారు. దిగిన కొద్దీ నేల మెత్తన అన్నమాట. పరికరం మంచిదే, చిక్కంతా సగటుతోనే, ఎందుకంటే ట్రాక్ మీద చాలా చోట్ల కొలిచి చివరికి ఒక్క అంకె చెప్తారు, కానీ లోపలి రెయిలింగ్ పక్కన గుర్రాలు తొక్కీ తొక్కీ గడ్డి లేచిపోయి ఉంటుంది, బయటి వైపు గట్టిగా ఉంటుంది, మలుపులో నీళ్లు నిలిచి ఉండొచ్చు. తిరుమల కొండ మీద కుండపోత, కింద రేణిగుంటలో పొడి నేల మనం చూస్తూనే ఉంటాం కదా, ఆ రెండిటి సగటు ఎవరికి పనికొస్తుంది?

పైగా లోతు ఒక్కటే కొలిస్తే గడ్డి వేర్ల పట్టు తెలియదు. బ్రిటన్‌లో వాడే గోయింగ్ స్టిక్ అనే పరికరాన్ని నేలలో గుచ్చి పక్కకు వంచి ఆ పట్టు కూడా కొలుస్తారు, నాకైతే అదే మెరుగైన పద్ధతి అనిపిస్తుంది.

ఇక మధ్యాహ్నం ఎండ కాసినా, జల్లు పడినా పొద్దుటి అంకె పాతబడినట్టే. అందుకే మొదటి రెండు రేసుల టైమింగ్‌లు, అదే దూరానికి మామూలుగా పట్టే టైమ్‌తో పోల్చండి, బాగా ఎక్కువ పడుతుంటే నేల మెత్తబడి ఉండొచ్చు. జాకీలు లోపలి రెయిలింగ్ వదిలి బయటి వైపుకు వస్తున్నారా అన్నదీ గమనించండి, వస్తుంటే లోపలి నేల బాగా లేదని వాళ్లు అనుకుంటున్నట్టే.